వారసులెవరు? – ఒక ఇంగ్లీషు హాస్య నవల మీద మా అభిప్రాయం

ఇంగ్లండులోని లార్డుల కుటుంబాల మీద రాసిన ఒక హాస్య నవల గురించి వార్షికోత్సవ సంచికకు వ్యాసం ఇస్తామంటే కొందరు మిత్రులు నవ్వారు. "మెస్ చార్జీలు, స్కాలర్‌షిప్ బకాయిలు, నీళ్ళు రాని బాత్‌రూములు ఇన్ని ఉండగా ఆ దొరల కోటల గోల మనకెందుకు?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే. దానికి మా జవాబు ఒక్కటే. వారసత్వం అనే మాట గురించి ఆలోచించవలసిన అవసరం వారసత్వంగా ఏమీ రాని వాళ్ళకే ఎక్కువ. ఆ మాటను ఇంటి లోపలి నుంచి చూసి, అందులోని డొల్లతనాన్ని నవ్వుతూ బయటపెట్టిన పుస్తకం ఏ దేశానిదైనా మనకు పనికొస్తుంది.

ఆ నవల పేరు 'లవ్ ఇన్ ఎ కోల్డ్ క్లైమేట్'. రాసింది నాన్సీ మిట్‌ఫర్డ్. 1949లో వెలువడింది. రచయిత్రి బయట నిలబడి రాళ్ళు వేసిన మనిషి కాదు. ఆమె రెండవ బారన్ రీడ్స్‌డేల్ గారి పెద్ద కూతురు. 1904లో పుట్టింది. వాళ్ళు ఆరుగురు అక్కచెల్లెళ్ళు, వాళ్ళకు ఒక్కడే సోదరుడు టామ్. అతను రెండవ ప్రపంచ యుద్ధంలో, 1945లో, బర్మాలో చనిపోయాడు. 1958లో తండ్రి పోయినప్పుడు ఆ ఇంటి బిరుదు బతికి ఉన్న కూతుళ్ళలో ఎవరికీ రాలేదు. తండ్రి తమ్ముడికి వెళ్ళింది. ఇది తెలుసుకొని నవల చదివితే, పైకి తేలికగా కనిపించే హాస్యం అడుగున ఉన్న చేదు మనకు తగులుతుంది.

ముందు కథ చెప్పుకుందాం. చదవని వాళ్ళే ఎక్కువమంది ఉంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాము.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం. మాంట్‌డోర్ ప్రభువు ఇండియాలో వైస్రాయిగా పనిచేసి, భార్యతో, కూతురితో ఇంగ్లండుకు తిరిగి వస్తాడు. ఆయనది ఎర్ల్ అనే పెద్ద బిరుదు. పల్లెలో హాంప్టన్ అనే మహా భవనం, లండన్‌లో ఇంకో భవనం, లెక్కలేనన్ని నగలు, బొమ్మలు, భూములు. వాళ్ళకు ఒక్కతే కూతురు, పోలీ. చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేనంత అందగత్తె. తల్లి లేడీ మాంట్‌డోర్‌కు ఒకటే దిగులు. ఎన్ని విందులు ఇచ్చినా, ఎంతమంది గొప్పింటి కుర్రాళ్ళను పిలిచినా కూతురు ఎవరి వైపూ చూడదు. ఈ కథంతా మనకు చెప్పేది పోలీ స్నేహితురాలు ఫానీ.

కారణం తర్వాత తెలుస్తుంది. పోలీ మనసు పద్నాలుగేళ్ళ వయసు నుంచీ తన మేనత్త భర్త మీద ఉంది. ఆయన పేరు బాయ్ డౌగ్‌డేల్. వయసు మళ్ళినవాడు. అంతేకాదు, లేడీ మాంట్‌డోర్‌కు కూడా ఒకప్పటి ప్రియుడే. మేనత్త చనిపోయిన కొద్దికాలానికే పోలీ ఆయన్ని పెళ్ళాడతానంటుంది, పెళ్ళాడుతుంది. ఇంట్లో పిడుగు పడుతుంది. తల్లిదండ్రులు ఆమెను వారసత్వం నుంచి తప్పిస్తారు.

మరి ఆ సంపదంతా ఎవరికి? ఆడపిల్ల కాబట్టి బిరుదు ఎలాగూ పోలీకి రాదు. వంశవృక్షం వెతుక్కుంటూ పోతే దాని చివరి కొమ్మ కెనడాలోని నోవా స్కోషియాలో తేలుతుంది. అక్కడి నుంచి వచ్చినవాడు సెడ్రిక్ హాంప్టన్. మాంట్‌డోర్ దంపతులు అతన్ని ఎన్నడూ చూసి ఎరగరు. ఎవరో మోటు మనిషి వస్తాడనుకుంటే, పారిస్‌లో బతికిన, పట్టుబట్టల మీద, పాత బొమ్మల మీద, అలంకరణ మీద ప్రాణం పెట్టే, మాటలతో కోటలు కట్టే యువకుడు వచ్చి వాలతాడు. అతను పురుషులను ప్రేమించే పురుషుడు. చట్టం ఏరికోరి పట్టుకొచ్చిన ఈ మగ వారసుడి తర్వాత ఆ వంశానికి వారసుడు పుట్టే ఆశ దాదాపు లేదన్న సంగతి పాఠకులకు వెంటనే అర్థమవుతుంది. మగవాడే కావాలని మొండిపట్టు పట్టిన పద్ధతికి ఇంతకన్నా పెద్ద చెంపదెబ్బ ఏముంటుంది?

ఇంకా తమాషా ఏమిటంటే, కన్న కూతురు ఇవ్వలేని సంతోషం ఈ పరాయివాడు లేడీ మాంట్‌డోర్‌కు ఇస్తాడు. ఆమె కట్టూబొట్టూ మారుస్తాడు, తిండి మారుస్తాడు, వయసు తగ్గినట్టు తయారు చేస్తాడు, నవ్వడం నేర్పుతాడు. అందరినీ హడలెత్తించిన ఆ మహాతల్లి అతని చెప్పుచేతల్లో చిన్నపిల్ల అయిపోతుంది. రక్తసంబంధం, వంశగౌరవం, సంప్రదాయం అని పెద్ద పెద్ద మాటలు చెప్పిన ఇంట్లో చివరికి గెలిచింది ఏమిటి? కబుర్లు చెప్పే నేర్పు, మనిషికి మనిషి తోడు.

మిత్రులారా, ఇంతవరకు కథ. ఇక మేము చెప్పదలచుకున్న అసలు విషయానికి వస్తాము.

వారసత్వం అనగానే అది ప్రకృతి సిద్ధమైనదని, కోడిపిల్లకు రెక్కలు వచ్చినట్టు పుట్టుకతో వస్తుందని చాలామంది నమ్ముతారు. కాని ఈ నవలలో ఏం జరిగింది? కడుపున పుట్టిన కూతురికి బిరుదు లేదు. సముద్రాల అవతల ఉన్న, ముఖం కూడా తెలియని మనిషికి ఉంది. ఇది ప్రకృతి చేసిన పని కాదు. కాగితం చేసిన పని. ఇంగ్లండులో ప్రభువు బిరుదు రాజు ఇచ్చే ఒక పత్రంతో పుడుతుంది. అది తర్వాత ఎవరికి చేరాలో ఆ పత్రంలోనే రాసి ఉంటుంది. చాలా పత్రాల్లో రాసింది మగ సంతానానికి అనే. భూముల విషయంలోనూ అంతే. ఎస్టేటు ముక్కలు కాకుండా ఉండేందుకు, అనుభవించేవాడు అనుభవించాలే గాని అమ్ముకోకూడదని ముందు తరాలే దస్తావేజులు రాసి కట్టడి చేసేవి. పెద్దకొడుక్కు అంతా, చిన్నకొడుకులకు సైన్యమో చర్చి ఉద్యోగమో, కూతుళ్ళకు పెళ్ళి. ఇదీ వందల ఏళ్ళు నడిచిన లెక్క.

ఈ లెక్క మన నేలకు కొత్తది కాదని కూడా గుర్తు చేయాలి. మద్రాసు రాష్ట్రంలోని పెద్ద జమీందారీలను అన్నదమ్ములు పంచుకోకుండా ఒక్కరికే దక్కేలా 1904లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. అదే రాష్ట్రంలో 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. హైదరాబాద్ రాజ్యంలో జాగీర్లు రద్దయింది 1949లో, అంటే ఈ నవల వెలువడిన సంవత్సరమే. కాగితం ఇచ్చింది, కాగితమే తీసుకుంది. ఆడపిల్లల సంగతి చూసినా అంతే. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో 1986లో మన రాష్ట్రం చేసిన చట్టం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఇంగ్లండు సింహాసనం విషయంలో తమ్ముడు పుడితే అక్క వెనక్కి పోయే పద్ధతిని 2013 చట్టం తీసేసింది. ఒకప్పుడు 'అనాదిగా వస్తున్న ఆచారం' అన్నదే ఒక ఓటింగుతో మారిపోయింది. అంటే అది అనాది కాదు, ఎవరో ఏర్పాటు చేసినది.

ఈ మాట మనకెందుకు ముఖ్యమో ఇప్పుడు చెబుతాము. మనం క్లాసులో కూర్చున్నప్పుడు, సీటు తెచ్చుకున్నప్పుడు, ఉద్యోగ ప్రకటనకు దరఖాస్తు పెట్టినప్పుడు వెనక నుంచి వినిపించే మాట ఒకటి ఉంది. "ప్రభుత్వ సొమ్ము తిని చదువుకున్నారు." మనకు ఇచ్చిన పళ్ళెం, గ్లాసు, దుప్పటి, నోటు పుస్తకాలు, కాస్మెటిక్ చార్జీలు అన్నీ దయగా లెక్క. అదే మాట అనేవారి ఇంటి స్థలం, పొలం, తాతగారి పలుకుబడి, ఇంట్లో బీరువా నిండా పుస్తకాలు మాత్రం వాళ్ళ హక్కుగా లెక్క. పుట్టుకతో వచ్చింది హక్కు, చట్టంతో వచ్చింది దయ అన్నమాట. కాని పుట్టుకతో వచ్చినట్టు కనబడేది కూడా చట్టంతో వచ్చినదేనని ఈ నవల నవ్విస్తూ నవ్విస్తూ రుజువు చేస్తుంది. మాంట్‌డోర్ ఆస్తిని సెడ్రిక్‌కు చేర్చినదీ చట్టమే. మన రాజ్యాంగంలోని 46వ అధికరణం, 1951లో చేర్చిన 15(4) అధికరణం కూడా చట్టమే. రెండింటిలో ఏది న్యాయం కోసం రాసినదో, ఏది ఉన్నవాళ్ళ దగ్గరే ఉంచడం కోసం రాసినదో ఆలోచించి చెప్పమని అడిగే హక్కు మనకుంది. హాస్టల్ సీటు దయ అయితే వీలునామా కూడా దయే. వీలునామా హక్కు అయితే హాస్టల్ సీటు కూడా హక్కే.

ఈ నవలలో మన దేశం ప్రస్తావన కూడా ఊరికే రాలేదు. తాము వెళ్ళబట్టే ఇండియా అనే దేశం ఒకటుందని ఇంగ్లండులో తమ వాళ్ళకు తెలిసిందన్న ధీమా లేడీ మాంట్‌డోర్‌ది. ముప్ఫై కోట్ల పైచిలుకు జనం ఉన్న దేశం ఆమెకు తన విందుల జాబితాలో ఒక మెట్టు. రచయిత్రి ఈ గొప్పను పొగడలేదు, ఎగతాళి చేసింది. చదువుతుంటే మాకు ఒక సంగతి తట్టింది. ఈ కల్పిత వైస్రాయి దంపతులు హాంప్టన్‌లో విందులు ఇస్తున్న ఆ కాలంలోనే నిజమైన లండన్‌లో మన బాబాసాహెబ్ అంబేద్కర్ ఉన్నారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివి, గ్రేస్ ఇన్‌లో బారిస్టరై, 1923లో డి.ఎస్సీ. పట్టా పొందారు. 1930లో మొదలైన రౌండ్ టేబుల్ సమావేశాలకు అదే నగరానికి మళ్ళీ వెళ్ళి అణగారిన వర్గాల తరఫున మాట్లాడారు. ఆ తర్వాత 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యారు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాలు మొదలైంది 1944లో, ఆయన ఆ మండలిలో ఉన్నప్పుడే. వైస్రాయి అనే మాట ఆ నవలలో విందులకు, నగలకు గుర్తు. మన చరిత్రలో అదే వైస్రాయి మండలిలోని ఒక కుర్చీ నుంచి మన ఫీజుకు దారి పడింది.

ఇక భాష సంగతి. నాన్సీ మిట్‌ఫర్డ్ పేరు చెప్పగానే ఇంగ్లీషు వాళ్ళకు ఇంకో విషయం గుర్తొస్తుంది. అలన్ రాస్ అనే భాషాశాస్త్రవేత్త పైవర్గం వాళ్ళు ఏ మాట వాడతారు, తక్కినవాళ్ళు ఏ మాట వాడతారు అని 1954లో ఒక వ్యాసం రాశాడు. దాన్ని తీసుకొని నాన్సీ 1955లో 'ఎన్‌కౌంటర్' పత్రికలో రాసేసరికి దేశమంతా గగ్గోలైంది. భోజనాల దగ్గర ఒళ్ళో వేసుకునే గుడ్డను పైవర్గం నాప్‌కిన్ అంటుంది, మధ్యతరగతి సర్వియెట్ అంటుంది. పైవాళ్ళకు అది లుకింగ్ గ్లాస్, కిందివాళ్ళకు మిర్రర్. పైవాళ్ళు రైటింగ్ పేపర్ మీద రాస్తారు, తక్కినవాళ్ళు నోట్‌పేపర్ మీద రాస్తారు. గుడ్డ అదే, అద్దం అదే, కాగితం అదే. కాని నోట్లోంచి ఏ మాట వచ్చిందో చూసి మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చేస్తారు. ఆమె అంతకుముందు 1945లో రాసిన 'ది పర్స్యూట్ ఆఫ్ లవ్' నవలలో మాథ్యూ అనే ప్రభువు, బడికి వెళ్ళి చదువుకున్న ఫానీ నోట నోట్‌పేపర్ లాంటి మాటలు వస్తున్నాయని మండిపడతాడు. చదువు ఆ పిల్లను పాడుచేసిందట!

మాకు ఇది చదివినప్పుడు నవ్వు వచ్చింది, తర్వాత ఆలోచన వచ్చింది. మనం నోరు తెరవగానే మన మాటలోని ఊరిని, ఊరిలోని వాడను వెతికేవాళ్ళు ఎంతమంది లేరు? ఇంటర్వ్యూ గదిలో మా యాస విని "ఏ ఊరు?" అని అడిగి, ఆ తర్వాతి ప్రశ్న నాలుక చివర వరకు తెచ్చుకొని మింగినవాళ్ళను మేము చూశాము. బువ్వ అంటే ఒక చూపు, భోజనం అంటే ఇంకో చూపు. ఇంగ్లీషు మాట్లాడితే గౌరవం వస్తుందని మనం తంటాలు పడతాం. తీరా చూస్తే ఇంగ్లీషు వాళ్ళే తమలో తాము మాటల దగ్గర అంటూ సొంటూ పాటించారు. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇంగ్లీషు నేర్చుకోండి, బాగా నేర్చుకోండి, ఉద్యోగానికి అది కావాలి. కాని ఆ భాష ముందు మోకరిల్లకండి. అది జ్ఞానానికి తలుపు తప్ప, మనిషి గొప్పతనానికి కొలబద్ద కాదు.

చదువు గురించి ఇంకొక్క మాట. ఇంత పెద్ద లార్డు ఇంట్లో పుట్టిన నాన్సీకీ చెల్లెళ్ళకూ సరైన బడి చదువు దొరకలేదు. ఎక్కువగా ఇంట్లో పంతులమ్మల దగ్గరే చదివారు. చెల్లెలు జెస్సికా బడికి పంపమని పోరాడి ఓడిపోయింది. ఇంట్లోంచి పారిపోవడానికి చిన్నప్పటి నుంచి బ్యాంకులో డబ్బు దాచి, 1937లో అన్నంత పనీ చేసింది. తర్వాత కమ్యూనిస్టు అయింది, 1960లో తన బాల్యం మీద పుస్తకం రాసింది. లార్డు కూతురికి బడి లేదు. మా అమ్మలకూ బడి లేదు. అక్కడ ఆడపిల్లకు చదువు అక్కర్లేదన్న అహంకారం. ఇక్కడ పొద్దున లేస్తే కూలికి పోకపోతే పొయ్యి వెలగని పరిస్థితి. రెంటినీ ఒకే గాటన కట్టడం లేదు. లార్డు కూతురికి కడుపు నిండింది. కాని చదువును ఆపిన చెయ్యి రెండు చోట్లా ఒకే నమ్మకంతో ఆపింది – ఎవరి స్థానం వాళ్ళకు ముందే రాసి పెట్టి ఉందని. ఆ నాన్సీయే యుద్ధకాలంలో లండన్‌లోని హేవుడ్ హిల్ పుస్తకాల దుకాణంలో ఉద్యోగం చేసింది. తర్వాత రాతమీదే బతికింది. తండ్రి బిరుదు ఆమెకు అన్నం పెట్టలేదు, కలం పెట్టింది.

అలాగని ఈ నవలను నెత్తిన పెట్టుకొని ఊరేగమని మేము చెప్పడం లేదు. మాకు నచ్చనివి రెండు ఉన్నాయి. వాటిని దాచడం పాఠకులకు అన్యాయం.

మొదటిది బాయ్ డౌగ్‌డేల్ విషయం. ఈయన చిన్న ఆడపిల్లల పట్ల అసభ్యంగా ప్రవర్తించేవాడని ఆ పిల్లలందరికీ తెలుసు. వాళ్ళు ఆయనకు ఎగతాళి పేరు కూడా పెట్టుకున్నారు. నవల దీన్ని నవ్వుతో దాటేస్తుంది. మేము నవ్వలేకపోయాము. పద్నాలుగేళ్ళ పిల్ల మనసులో నాటిన దాన్ని ప్రేమ అనవచ్చునా? అతను ఎవరో ఊరూపేరూ లేని మనిషైతే ఆ ఇళ్ళ గుమ్మం తొక్కనిచ్చేవారా? 'మనవాడు' కాబట్టి, విందుల్లో పనికొస్తాడు కాబట్టి అందరూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. వర్గం తన వాళ్ళను ఎలా కాపాడుకుంటుందో రచయిత్రి చూపించింది. కాని దాని బాధను పిల్లల వైపు నుంచి చూడలేదు. బాలికల హాస్టల్ చెల్లెళ్ళు ఈ పుస్తకం చదివితే ఈ చోట ఆగి, కోపం తెచ్చుకొని మరీ చదవాలని కోరుతున్నాము.

రెండవది ఇంకా పెద్దది. హాంప్టన్‌లో వందల వెండి పళ్ళేలు ఉన్నాయి. వాటిని ఎవరు తోమారు? పొద్దున్నే ప్రతి గదిలో నిప్పు రాజేసినదెవరు? విందులకు వడ్డించినదెవరు? అంత పెద్ద భవనం నడవాలంటే ఎంతమంది నౌకర్లు కావాలి! వాళ్ళు వస్తారు, తలుపు తీస్తారు, వెళ్తారు. వాళ్ళ మనసులో ఏముందో ఒక్క పేజీ అయినా లేదు. మనం ఈ హాస్టల్లో వండి పెట్టే కుక్ అన్న పేరు, కామాటి పేరు, వాచ్‌మన్ తాత పేరు ఎరుగుదుము. వాళ్ళ పిల్లలు ఏం చదువుతున్నారో ఎరుగుదుము. ఎందుకంటే మన ఇళ్ళలోనూ అటువంటి పనులు చేసేవాళ్ళే ఉన్నారు. ఈ నవల భోజనాల బల్ల దగ్గర నుంచి రాసినది. వంటింటి నుంచి అదే కథ రాస్తే ఎలా ఉంటుందో మనం ఊహించగలం. ఊహించడమే కాదు, మన జమీందార్ల కథలను, మన పెద్దిళ్ళ కథలను ఆ వైపు నుంచి రాయగలిగినది మనమే.

నవల తర్వాతి చరిత్ర కూడా చూడాలి. ఇంగ్లండులో చనిపోయినవారి ఆస్తి మీద పన్ను 1894లో గట్టిగా మొదలై క్రమంగా పెరిగింది. నాన్సీ చిట్టచెల్లెలు డెబోరా డెవన్‌షైర్ ప్రభువుల ఇంటి కోడలు. ఆమె భర్త అన్న యుద్ధంలో 1944లో చనిపోవడం వల్ల చిన్నకొడుకైన ఆమె భర్తకు వారసత్వం వచ్చింది. 1950లో మామగారు పోగానే ఎస్టేటు మీద 80 శాతం పన్ను పడింది. పన్ను కింద హార్డ్‌విక్ హాల్ అనే చారిత్రక భవనాన్నే ప్రభుత్వానికి అప్పగించవలసి వచ్చింది. 1999లో చేసిన చట్టంతో ప్రభువుల సభలో పుట్టుకతో కూర్చునే హక్కు 600 మందికి పైగా పోయింది, 92 మందికి మాత్రం ఉంచారు. ఆ మిగిలిన వాళ్ళనూ పంపించే బిల్లు 2024లో పార్లమెంటు ముందుకు వచ్చింది. తాతలు దిగివచ్చినా కదలదనుకున్నది ఒక్కొక్క ఇటుకే కదిలింది. కత్తులతో కాదు, పన్నుతో, ఓటుతో, చదువుతో. అందులో నవ్వుకూ కొంత పాలు ఉందని మా నమ్మకం. ఎవరిని చూసి జనం ఒకసారి కడుపారా నవ్వారో, వాళ్ళను చూసి మళ్ళీ మునుపటిలా భయపడరు.

మనలో చాలామంది హాస్య పుస్తకాలు చదవడం తప్పు అనుకుంటారు. మన బతుకుల్లో కన్నీళ్ళు ఎక్కువ కాబట్టి సాహిత్యం కూడా కన్నీళ్ళతోనే ఉండాలనుకుంటారు. మేము ఒప్పుకోము. కన్నీళ్ళు మన బాధ చెబుతాయి. నవ్వు ఎదుటివాడి గొప్ప ఎంతో చెబుతుంది. పోటీ పరీక్షల గైడ్లతో పాటు ఇటువంటి నవలలు కూడా మన లైబ్రరీ బీరువాలో ఉండాలి. ఆ బీరువాకు తాళం కాకుండా రిజిస్టరు ఉండాలి. తెలుగులో లేనివి ఎం.ఏ. చదివే మనమే అనువాదం చేసి జూనియర్లకు చదివి వినిపించాలి. వార్డెన్ గారికి, అధికారులకు ఇదే మా మనవి.

చివరిగా, మా ఇళ్ళలో మొదటి డిగ్రీ మాది. మా నాన్నలు మాకు రాసి ఇవ్వడానికి సెంటు భూమి లేదు, వీలునామా రాయడానికి అక్షరం లేదు. అయినా మేము వారసులమే. ఈ హాస్టల్లో మేము చేరినప్పుడు మాకు ముందున్న అన్నలు వదిలి వెళ్ళిన నోట్సులు, అట్ట చిరిగిన డిక్షనరీలు, ఒక బకెట్టు, ఒక ట్రంకు పెట్టె మాకు దక్కాయి. వాళ్ళు మా కులం ఏమిటని, మేము ఎవరి పిల్లలమని అడగలేదు. తర్వాత వచ్చినవాళ్ళం, అవసరమున్నవాళ్ళం అన్నది ఒక్కటే చూశారు. హాంప్టన్ భవనానికి వారసుణ్ణి వెతకడానికి సముద్రం దాటారు. మన గది వారసుడు జూన్ నెలలో తానే పెట్టె మోసుకొని వస్తాడు. ఈ ఏడు వెళ్ళిపోతున్న సీనియర్లు తలా ఒక పుస్తకమైనా, దాని మీద రెండు మాటలు రాసి, అలమరలో పెట్టి వెళ్ళాలని మేము కోరుతున్నాము. నాన్సీ మిట్‌ఫర్డ్ నవల ఒక ప్రతి మేము పెట్టి వెళ్తున్నాము. మార్జిన్లలో పెన్సిలుతో కష్టమైన మాటలకు తెలుగు అర్థాలు రాసి ఉంచాము.